అసైలం తిరస్కరించారు, అప్పీల్‌కి 14 రోజులే: అక్కడ తమ్ముడు ఏం చేయాలి, విశాఖ నుంచి మీరు ఏం పంపాలి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. మీ తమ్ముడు 2022 సెప్టెంబరులో స్టూడెంట్ వీసా మీద ఇంగ్లండ్ వెళ్లాడు. అదే ఏడాది జనవరిలో చోడవరం దగ్గర మీ అమ్మగారి ఊళ్లో ఇంటి ప్రార్థన నడిపిస్తుంటే కొందరు వచ్చి ఆపించారు. అతన్నీ, మీ పెదనాన్నగారి అబ్బాయినీ కొట్టారు. స్టేషన్లో కేసు కట్టకుండా రాజీ రాయించారు. వీసా గడువు ఉండగానే 2024లో అతను అసైలం, అంటే హింస భయంతో ఆశ్రయం, అడిగాడు. హోమ్ ఆఫీస్ (బ్రిటన్ హోం శాఖ) ఇప్పుడు దాన్ని తిరస్కరించింది. ఉత్తరం పంపి ఐదు రోజులైంది. గాజువాకలో ఉన్న మీరు ఏం పంపితే పనికొస్తుందని అడిగారు.

ముందు తేదీ. అప్పీల్ గడువు 14 రోజులు. ఉత్తరం చేతికి అందిన రోజు నుంచి కాదు, వాళ్లు పంపిన రోజు నుంచి లెక్క. అంటే మీకు మిగిలింది తొమ్మిది రోజులు. మన వాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే: కాగితాలన్నీ పోగుచేసుకుని గట్టిగా వేద్దాం అనుకుంటారు, గడువు దాటిపోతుంది. అప్పీల్ వేసేటప్పుడు సాక్ష్యాలేవీ జతచేయాల్సిన పని లేదు. తిరస్కరణ ఉత్తరం, అప్పీల్ కారణాలు క్లుప్తంగా, అడ్రసు, ఏ భాషలో దుబాసీ కావాలన్నది, ఇవి చాలు. ఇలాంటి అప్పీళ్లు వినే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కి ఆన్‌లైన్లో వేసేయొచ్చు. సాక్ష్యాలు ఎప్పటిలోగా ఇవ్వాలో తర్వాత ట్రిబ్యునలే తేదీ ఇస్తుంది. గడువు దాటితే ఆలస్యానికి కారణం రాసి, దాన్ని మన్నించమని అడగొచ్చు. కానీ ‘సొలిసిటర్ (అక్కడి లాయరు) దొరకలేదు’ అన్న ఒక్క మాటకి జడ్జి ఒప్పుకుంటాడని నమ్మకం పెట్టుకోకండి.

అప్పీల్ వేసే ముందు ఇంకొకటి చూడాలి. ఉత్తరం చివరి పేజీల్లో అప్పీల్ హక్కు ఉందని రాశారా, లేక కేసు ‘స్పష్టంగా ఆధారం లేనిది’ అని సర్టిఫై చేశారా? బ్రిటన్ 2002 నాటి చట్టంలో సెక్షన్ 94 కింద కొన్ని దేశాల జాబితా ఉంది. ఇండియా 2005 నుంచి ఆ జాబితాలో ఉంది. ఆ దేశాల వాళ్ల కేసు తిరస్కరిస్తే, అందులో పస ఉందని అధికారికి అనిపిస్తే తప్ప, సర్టిఫై చేసేస్తారు. సర్టిఫై చేస్తే ట్రిబ్యునల్‌కి అప్పీలే లేదు. 2022 జూన్ 28 నుంచి ఇండియాకి తిరిగొచ్చి వేసుకునే అప్పీల్ కూడా తీసేశారు. అప్పుడు మిగిలేది జుడీషియల్ రివ్యూ, అంటే ఆ నిర్ణయం చట్టప్రకారం ఉందో లేదో కోర్టుని చూడమనడం, ఒక్కటే. దానికి పై గడువు మూడు నెలలున్నా వెంటనే కదలాలి, అది లాయరు లేకుండా అయ్యే పని కాదు. మీరు పంపిన ఫొటోలో ‘14 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు’ అన్న వాక్యం కనిపిస్తోంది కాబట్టి మీవాడికి అప్పీల్ హక్కు ఉన్నట్టే. అయినా ఉత్తరం మొత్తం సొలిసిటర్‌కి చూపించి ఖాయం చేసుకోండి.

ఫారంలో విచారణ కావాలా, కాగితాల మీదే తేల్చమంటారా అని అడుగుతారు. కాగితాల మీదైతే 80 పౌండ్లు, విచారణకి 140 పౌండ్లు. కట్టేముందు ట్రిబ్యునల్ వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోండి. అరవై పౌండ్లు మిగులుతాయని కాగితాల మీద తేల్చమంటే కేసు పోయినట్టే లెక్క. మీవాణ్ణి నమ్మలేదు కాబట్టే తిరస్కరించారు. అతను జడ్జి ముందు కూర్చుని మాట్లాడకుండా ఆ నమ్మకం తిరిగి రాదు. అసైలం సపోర్ట్ (ప్రభుత్వమిచ్చే వసతి, ఖర్చుల సాయం) మీద ఉన్నవాళ్లకీ, లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో లాయరు) వచ్చినవాళ్లకీ ఫీజు లేదు. ఆదాయం తక్కువున్నవాళ్లు మినహాయింపు అడగొచ్చు.

లాయరు సంగతి. ఇంగ్లండ్‌లో అసైలం అప్పీళ్లకి లీగల్ ఎయిడ్ ఉంది. ఆదాయం చూస్తారు, కేసు గెలిచే అవకాశం చూస్తారు. అవకాశం తక్కువని ఒక సొలిసిటర్ కాదంటే ఆ మాట కాగితం మీద అడగండి, దాన్ని లీగల్ ఎయిడ్ ఏజెన్సీకి పంపి మళ్లీ చూడమనొచ్చు. డబ్బు తీసుకునేవాళ్లైతే సొలిసిటరో, బారిస్టరో, లేదంటే ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైనవాళ్లో అయ్యుండాలి. నమోదు లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం అక్కడ నేరం. ఫలానా అన్నయ్య బాగా రాస్తాడట అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేర్లకి కేసు అప్పజెప్పకండి. ఇక్కడ ఉండి పాస్టర్ లెటరు, ఎఫ్‌ఐఆర్, పేపర్ కటింగు అన్నీ కలిపి ప్యాకేజీ అనేవాళ్ల గడప తొక్కకండి. ఒక్క దొంగ కాగితం దొరికితే నిజమైన కాగితాల విలువా పోతుంది. 2002 నాటి తన్వీర్ అహ్మద్ తీర్పు ప్రకారం, కాగితం అసలుదో నకిలీదో హోమ్ ఆఫీస్ నిరూపించాల్సిన పని లేదు. దాని మీద ఆధారపడొచ్చని మీరే చూపాలి. జడ్జి ఆ కాగితాన్ని కేసు మొత్తంతో కలిపి తూస్తాడు.

ఇప్పుడు అసలు పని. తిరస్కరణ ఉత్తరంలో ప్రతి పేరాకీ నంబరు ఉంటుంది. ఒక పొడవాటి పుస్తకం తీసుకుని నాలుగు గడులు గీయమనండి: పేరా నంబరు, వాళ్లు ఏమన్నారు, ఇంటర్వ్యూలో తను నిజంగా ఏమన్నాడు, దానికి చూపించగలిగేది ఏముంది. ఇంటర్వ్యూ రాతప్రతితో పాటు ఆడియో కూడా అడిగి తీసుకోవాలి. ఉత్తరంలో అంగీకరించినవి కూడా గుర్తు పెట్టుకోవాలి. ‘కొట్టారన్నది ఒప్పుకుంటున్నాం, కానీ…’ అని ఉంటే ఆ ముందు భాగం మీకు ఆస్తి.

2022 జూన్ 28 తర్వాత అడిగిన కేసుల్లో రెండు కొలతలుంటాయి. ఇతను నిజంగా క్రైస్తవుడా, నిజంగానే భయపడుతున్నాడా అన్నది కాదు అనడం కంటే అవును అనడానికే ఎక్కువ ఆధారం ఉన్నట్టు చూపాలి. అది దాటాక, తిరిగెళ్తే హాని జరిగే అవకాశం గట్టిగా ఉందా అన్నదానికి కొలత తక్కువ. ఇంతకు ముందు నిజంగా హింస జరిగి ఉంటే, మళ్లీ జరగదనడానికి మంచి కారణం లేనంతవరకూ, అది ముందు ముందు జరిగే హానికి బలమైన సూచన అని వాళ్ల నిబంధనలే చెబుతాయి. అందుకే జనవరి సంఘటనని తేదీతో, పేర్లతో, వరసతో నిలబెట్టడం ముఖ్యం.

తిరస్కరణ ఉత్తరంలో పరస్పర విరుద్ధం అన్న మాట నాలుగు చోట్ల ఉంది. అందులో ఏదీ అబద్ధం వల్ల వచ్చింది కాదు. మూడు తెలుగు ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు జారిపోయినవి, నాలుగోది జిల్లాలు మారడం వల్ల వచ్చింది. ఇవి ఒకటికి రెండుసార్లు చూడాల్సినవి.

మొదటిది ‘అన్నయ్య’. మొదటి చిన్న ఇంటర్వ్యూలో తోబుట్టువులు ఎవరంటే ‘ఒక్క అక్కే’ అన్నాడు, నిజం. పెద్ద ఇంటర్వ్యూలో ‘అన్నయ్యని కూడా కొట్టారు’ అన్నాడు. దుబాసీ దాన్ని సొంత అన్న అన్న అర్థంలో చెప్పేశాడు. అధికారి, లేని అన్నని పుట్టించాడని రాశాడు. పెదనాన్న కొడుకుని మన వైపు అన్నయ్యే అంటామని స్టేట్‌మెంట్‌లో ఒక వాక్యం, వంశవృక్షం ఒక పేజీ, ఆ అబ్బాయి ఆధార్‌లో తండ్రి పేరు. అంతటితో ఆ పేరా తీరిపోతుంది.

రెండోది ‘సాక్ష్యం’. ‘సంఘంలో సాక్ష్యం చెప్పాను’ అన్నాడు. విశ్వాసులకి తెలుసు, అది దేవుడు తన బతుకులో చేసిన మేలు గురించి అందరి ముందూ నిలబడి చెప్పడం. ఇంగ్లీషులో అది కోర్టులో సాక్షిగా చెప్పినట్టు వెళ్లింది. ‘పోలీసు కేసే లేదన్నవాడు సాక్ష్యం ఎక్కడ చెప్పాడు?’ అని ఉత్తరం అడుగుతోంది. ‘సంఘం’ అన్నది ఏదో అసోసియేషన్ అయిపోయింది. ‘అయ్యగారు’ అంటే పాస్టరుగారు అని తెలియని దుబాసీ దాన్ని పనిచేసే చోటి యజమాని చేశాడు. ‘బల్లలో పాలుపొందాను’ అంటే ఒక బల్ల దగ్గర కూర్చున్నట్టు రాశారు. ఒక క్రైస్తవుడు ప్రభురాత్రి భోజనం గురించి చెప్పలేకపోయాడని తేల్చింది ఆ ఒక్క మాట మీదే. ఆడియో వింటూ ఇలాంటి మాటలన్నీ నిమిషం, సెకను రాసి, స్వతంత్రంగా ఉండే అనువాదకుడి చేత సరైన అర్థం రాయించి సంతకం పెట్టించాలి. ‘దుబాసీ సరిగ్గా చెప్పలేదు’ అని ఊరికే అంటే ఎవరూ పట్టించుకోరు. ఫలానా నిమిషంలో ఫలానా మాట అంటే కొట్టిపారేయలేరు.

మూడోది తేదీ. ‘పండగ వెళ్లాక’ అని ఒకసారి, ‘ముక్కనుమ నాడు’ అని ఒకసారి అన్నాడు. దుబాసీ ఒకదాన్ని సంక్రాంతి మర్నాడు అన్నాడు, ఇంకోదాన్ని ఆ పైవారం. 2022 క్యాలెండర్ పేజీ జతచేసి, కచ్చితమైన తేదీ గుర్తుంటే అదే, లేకపోతే ‘పండగ తర్వాత రెండు మూడు రోజుల్లో’ అనే చెప్పాలి. గుర్తులేనిదానికి తేదీ పుట్టించకూడదు.

నాలుగోది జిల్లా. ఇది చూస్తే నాకు బాధేసింది. కాగితాల్లో ఊరు విశాఖపట్నం జిల్లా అనీ, అతను అనకాపల్లి జిల్లా అనీ చెప్పాడని తప్పు పట్టారు. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు విడిపోయాయి. చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. సంఘటన జనవరిలో జరిగింది కాబట్టి అప్పటి కాగితం మీద విశాఖపట్నం అనే ఉంటుంది, పోలీసు పరంగా విశాఖ రూరల్ ఎస్పీ పరిధి. ఇవాళ అదే స్టేషను అనకాపల్లి ఎస్పీ కింద ఉంది. ప్రభుత్వ గెజిట్ ప్రతి ఒకటి పెడితే సరిపోతుంది. వైజాగ్, విశాఖ, విశాఖపట్నం, పాత రైల్వే కాగితాల్లో వాల్తేరు, ఇవన్నీ ఒకే ఊరి పేర్లని కూడా ఒక్క ముక్క రాయించండి.

కులం, మతం గొడవ ఇంతకంటే సున్నితం. టీసీలోనూ, కుల ధ్రువపత్రంలోనూ ‘హిందూ, మాల’ అని ఉంది కాబట్టి క్రైస్తవుడు కాదన్నారు. ఆ కాగితం వెనక ఉన్న చట్టం జడ్జికి తెలియాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కేస్తారు. అందుకే కోస్తాలో ఎన్నో కుటుంబాలు కాగితం మీద ఒకటిగా, ఆదివారం ఒకటిగా బతుకుతున్నాయి. కొండ ప్రాంతంలోని గిరిజనులకి ఈ చిక్కు లేదు, ఎస్టీ హోదా మతంతో ముడిపడి లేదు. మీవాడి స్టేట్‌మెంట్‌లో ఈ సంగతి ఉన్నదున్నట్టు రాయాలి. పాత సర్టిఫికెట్ దాచి కొత్తది తీయించే ప్రయత్నం ఇప్పుడు చేయకండి. ఆ సర్టిఫికెట్ మీద ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుని ఉంటే ఆ మాట సొలిసిటర్‌కి ముందే చెప్పాలి. ఎదురు ప్రశ్నల్లో మొదటిసారి బయటపడకూడదు. పేరు బయటకి రాకుండా ట్రిబ్యునల్‌ని అడగొచ్చు, అసైలం కేసుల్లో అది మామూలే.

ఇక విశాఖ నుంచి మీరు చేయగలిగినవి.

పోలీసు కాగితం. ఎఫ్‌ఐఆర్ లేదన్నారు కాబట్టి ఎఫ్‌ఐఆర్ కోసం తిరగొద్దు. రాజీ కాగితం మీ అమ్మగారి దగ్గరో, ఊరి పెద్దల దగ్గరో నకలు ఉంటే అదే మీ కేసులో బలమైన కాగితం. పోలీసులకి విషయం తెలుసు, అయినా కేసు కట్టలేదని అది చెబుతుంది. కొట్టడం, బెదిరించడం లాంటి ఫిర్యాదులో కేసు కట్టదగిన నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చట్టం అలా ఉన్నా రాజీ రాయించి పంపేశారన్నదే మీ వాదన. నకలు లేకపోతే ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీలో ఏం రాశారో సమాచార హక్కు కింద ఎస్పీ ఆఫీసులో అడగొచ్చు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే ఒక జాగ్రత్త. ఆ దరఖాస్తు సంగతి ఊళ్లో కొట్టినవాళ్ల చెవిన పడొచ్చు. అమ్మగారు ఇంకా అక్కడే ఉంటున్నారు కదా. అడగాలా వద్దా అన్నది సొలిసిటర్‌తో మాట్లాడాకే, దరఖాస్తులో అసైలం మాట ఎక్కడా రాయకుండా. ‘రికార్డు లేదు’ అని జవాబొస్తే అది కూడా కేసులోకి వస్తుందని గుర్తుంచుకోండి.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మీ సంఘటన అంతకు ముందుది. ఎవరైనా మీకు 2022 తేదీతో, కొత్త సంహిత సెక్షన్లతో కాగితం తెచ్చిస్తే అది నకిలీ. అక్కడి అధికారులు ఇది పట్టుకోగలరు.

ఆసుపత్రి. చోడవరంలో కట్టు కట్టించుకుని విశాఖ కేజీహెచ్ (పెద్ద ప్రభుత్వాసుపత్రి)కి వచ్చారన్నారు. ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే ఏది ఉన్నా తీయండి. లేకపోతే ఓపీ నంబరు, తేదీ పట్టుకుని కేజీహెచ్ మెడికల్ రికార్డ్స్ విభాగంలో అడగండి. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి తెలపాల్సిన గాయంగా) రాసుకుని ఉంటే రిజిస్టర్లో నంబరు ఉంటుంది. గాయాల సర్టిఫికెట్ మాత్రం పోలీసులు అడిగితేనే వెళ్తుంది, మీ చేతికి రాదు. ఇక మీరు మొహమాటపడుతూ రాసిన విషయం: చీటీ మీద ‘బైకు మీంచి పడ్డాడు’ అని ఉంది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో మనవాళ్లు ఇలా చెప్పడం మామూలే, డాక్టర్లు అలాగే రాసుకోవడం మామూలే. ఆ చీటీ దాచకండి, దిద్దకండి. ఆ మాట ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, వెంట ఎవరున్నారు అన్నది మీ స్టేట్‌మెంట్‌లోనూ, అన్నయ్య స్టేట్‌మెంట్‌లోనూ రాయండి. ఒంటి మీద మచ్చలు మిగిలి ఉంటే ఇంగ్లండ్‌లోనే, ఇస్తాంబుల్ ప్రోటోకాల్ (హింస గాయాల్ని పరీక్షించే అంతర్జాతీయ పద్ధతి) ప్రకారం చూసే డాక్టరు చేత రిపోర్టు రాయించాలి. మచ్చ ఆకారం కర్రదెబ్బకి కుదురుతుందా, రోడ్డు రాపిడికా అన్నది ఆ డాక్టరు చెబుతాడు.

సాక్షుల మాట. మీరు, అన్నయ్య, ఇక్కడి పాస్టరుగారు, ఎవరికి వాళ్లు వేరువేరుగా, తెలుగులో, సొంత మాటల్లో రాయండి. మూడు కాగితాల్లో ఒకే వాక్యాలుంటే ఒకరే రాసిచ్చినట్టు తెలిసిపోతుంది. కళ్లారా చూసింది ఏది, విన్నది ఏది విడదీసి రాయాలి. తేదీ, సంతకం, ఆధార్ నకలు పెట్టి నోటరీ చేయించండి. ప్రతి తెలుగు కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, దాని మీద అనువాదకుడి పేరు, అర్హత, ‘ఇది సరైన అనువాదం’ అన్న సంతకం ఉండాలి. అనువాదంలో మెరుగులు దిద్దొద్దు. తెలుగులో ‘తోశారు’ అని ఉంటే ఇంగ్లీషులో చావగొట్టినట్టు రాకూడదు. వీడియోలో సాక్ష్యం చెబుతామంటే అంత సులువు కాదు. వేరే దేశం నుంచి నోటిమాటగా సాక్ష్యం ఇవ్వాలంటే ఆ దేశానికి అభ్యంతరం లేదని ముందు తెలుసుకోవాలని 2021లో అగ్బాబియాకా కేసులో అప్పర్ ట్రిబ్యునల్ (ఫస్ట్ టియర్‌కి పై మెట్టు) చెప్పింది. రాతమూలక స్టేట్‌మెంట్‌కి ఆ అడ్డు లేదు.

బెదిరింపు మెసేజ్‌లుంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. చాట్ మొత్తం తేదీలతో ఎక్స్‌పోర్ట్ చేసి, నంబరు కనిపించే పేజీ కూడా తీయండి. పేపర్లో వార్త వచ్చి ఉంటే కటింగ్ కాదు, పేపరు పేరు, తేదీ, జిల్లా ఎడిషన్ కనిపించే పూర్తి పేజీ పంపండి. ముందు అన్నీ స్కాన్ చేసి మెయిల్ చేయండి, తర్వాత అసలు కాగితాలు కొరియర్‌లో. కవరూ, రసీదూ తమ్ముణ్ణి పారేయొద్దనండి. కాగితం ఎక్కడి నుంచి ఎప్పుడొచ్చిందో ఆ కవరే చెబుతుంది.

విశ్వాసం నిజమేనా అన్నదానికి ఇండియా ఉత్తరాల కంటే అక్కడి సంఘం బరువైనది. అతను వెళ్లే చర్చి పాస్టరు లేఖ రాస్తే సరిపోదు, విచారణకి వచ్చి కూర్చుని ప్రశ్నలకి జవాబివ్వాలి. డొరోడియన్ కేసు నుంచి వచ్చిన పద్ధతి ఇది, అక్కడి లాయర్లు అలాంటి సాక్షిని ఆ పేరుతోనే పిలుస్తారు. ఎప్పటి నుంచి వస్తున్నాడు, ఎన్ని ఆదివారాలు, ఏ పనుల్లో చేయి వేస్తాడు, అసైలం తిరస్కరించాక రాకపోకలు మారాయా, ఇవి ఆ పాస్టరు తనంతట తాను చెప్పగలగాలి. తేదీ ఖరారు కాగానే ఆయనకి చెప్పి పెట్టుకోవాలి, ఆదివారం సంఘ పనులన్నీ నెత్తినేసుకున్నవాళ్లకి వారం ముందు చెబితే కుదరదు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన పేరా. ‘పోలీసు వ్యవస్థ ఉంది, హైదరాబాదో, చెన్నయో, కేరళో వెళ్లి బతకొచ్చు.’ ఇండియా నుంచి వచ్చే మతపరమైన కేసులు ఎక్కువగా ఇక్కడే పడిపోతాయి, మీకు ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత. ‘ఇండియాలో క్రైస్తవులకి రక్షణ లేదు’ అన్న పెద్ద వాదన పని చేయదు. ఆంధ్రప్రదేశ్‌లో మతమార్పిడి నిరోధక చట్టం లేదు, ఉన్న రాష్ట్రాల చట్టాల జాబితా పెట్టినా అవి చోడవరానికి వర్తించవు. రాష్ట్రమంతా చర్చిలు నడుస్తున్నాయని వాళ్లు చూపిస్తారు, అది నిజమే కూడా. మీ వాదన మీవాడి చుట్టూనే తిరగాలి. కొట్టినవాళ్లు ఎవరు, ఊరివాళ్లేనా, బయటి సంస్థ వాళ్లున్నారా, వాళ్ల చేయి ఎంత దూరం వెళ్తుంది? దాడి తర్వాత అతను గాజువాకలో మీ ఇంట్లో ఎనిమిది నెలలు ఉన్నాడు కదా. ఆ ఎనిమిది నెలల్లో ఎవరైనా వచ్చారా? వస్తే ఎవరు, ఎప్పుడు, అడ్రసు ఎలా తెలిసింది? ఎవరూ రాకపోతే అదే మీకు ఎదురు నిలుస్తుంది, దాన్ని దాటేసి రాయకూడదు. బయటికి రాకుండా ఉన్నాడా, ప్రార్థనలు మానేశాడా, అందుకే గొడవ జరగలేదా?

ఈ ఆఖరి ప్రశ్నే కీలకం. భయం వల్ల తనెవరో దాచుకుని బతికితే క్షేమంగా ఉంటాడు కాబట్టి వెనక్కి పంపొచ్చు అనే వాదనని 2010లో హెచ్‌జే ఇరాన్ తీర్పులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అది స్వలింగ సంపర్కుల కేసు, కానీ అదే సూత్రం విశ్వాసానికీ వర్తిస్తుంది. మీవాడు మామూలు విశ్వాసి కాదు, ఇంటింటా ప్రార్థనలు నడిపించినవాడు. హైదరాబాద్ వెళ్లినా అదే చేస్తాడా? చేస్తాడనడానికి ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఏం చేస్తున్నాడో చూపించాలి. ‘ఇంకో ఊరు వెళ్లు’ అన్నదానికి అక్కడ బతకడం మరీ దుర్భరమా అన్నది కొలత. చదువుకున్న, ఇంగ్లీషు వచ్చిన, ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి అది నిరూపించడం కష్టం. అందుకే బతుకుతెరువు దొరకదన్న వాదన మీద కాకుండా, ఎక్కడికెళ్లినా ఏ పనివల్ల హాని వస్తుందో దాని మీద కేసు కట్టాలి.

ఆలస్యంగా అడిగాడన్న పేరాకి నిజం కారణం రాస్తే చాలు. చదువు ముగిశాక ఇంటికెళ్లొచ్చనుకున్నాడు, ఊళ్లో మళ్లీ ఏదో జరిగింది, అప్పుడు అడిగాడు. ఆ ‘ఏదో’కి తేదీ ఉండాలి. ఆలస్యం నమ్మకాన్ని తగ్గిస్తుంది, అదొక్కటే కేసుని ముంచదు.

అప్పీల్ నడుస్తుండగా దేశం దాటకూడదు, దాటితే అప్పీల్ వదులుకున్నట్టే. ఇండియన్ పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి హైకమిషన్‌కి వెళ్లే ముందు సొలిసిటర్‌ని అడగాలి. వీసా ఉండగానే అడిగాడు కాబట్టి, గడువులోపు వేసిన అప్పీల్ తేలేదాకా పాత వీసా షరతులతోనే హోదా కొనసాగుతుంది. గడువు తప్పితే అది కూడా పోతుంది.

విచారణ రోజు గదిలో జడ్జి, హోమ్ ఆఫీస్ తరఫు అధికారి, దుబాసీ, మీవాడు, అతని లాయరు ఉంటారు. దుబాసీ ఖర్చు ట్రిబ్యునల్‌దే. మొదట్లోనే ఒకరి మాట ఒకరికి అర్థమవుతోందా అని అడుగుతారు. దుబాసీది మన వైపు యాస కాకపోయి, మాటలు జారిపోతున్నాయనిపిస్తే వెంటనే, అక్కడే జడ్జికి చెప్పాలి. బయటికొచ్చాక చెబితే ఉపయోగం లేదు. మూడు నాలుగు వాక్యాలు చెప్పి ఆగాలి. తెలియనిదానికి తెలియదు, గుర్తులేనిదానికి గుర్తులేదు. ఇంగ్లీషు వచ్చు కదా అని మధ్యలో ఇంగ్లీషులో జవాబివ్వొద్దు.

తీర్పు రాతలో వస్తుంది. కాదంటే, పంపిన రోజు నుంచి 14 రోజుల్లో అప్పర్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి అనుమతి అడగొచ్చు, ముందు ఫస్ట్ టియర్‌లోనే అడగాలి. వాళ్లు ఇవ్వకపోతే మరో 14 రోజుల్లో నేరుగా అప్పర్ ట్రిబ్యునల్‌ని అడగాలి. ఈ మెట్టులో ‘జడ్జి నమ్మలేదు’ అన్నది కారణం కాదు. ఇచ్చిన సాక్ష్యాన్ని చూడకుండా వదిలేశాడు, తప్పు కొలత వాడాడు, కారణాలు రాయలేదు, ఇలాంటి చట్టపరమైన తప్పు చూపాలి. అందుకే ఇప్పుడు పంపే ప్రతి కాగితానికీ పేజీ నంబరు వేసి, ఏది ఏ పేరాకి జవాబో మొదటి పేజీలో జాబితా రాసి ఉంచితే, జడ్జి దేన్ని వదిలేశాడో రేపు వేలు పెట్టి చూపించొచ్చు. ఈ వారంలో మీ పని ఆ జాబితాతో మొదలుపెట్టండమ్మా, కానీ దానికి ముందు, ఇవాళ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి అప్పీల్ ఫారం నింపించండి.